బోరునీళ్లలో నురగ

3వ తేదీ, మంగళవారం

నా పెద్ద అల్యూమినియం గిన్నె ఇవాళ పొద్దున్న పోయింది. దాని వయసు మావాడి వయసుకంటే ఎక్కువ. ప్రయోజకత్వం కూడా.

నేను పేపరు చదువుకుంటుంటే వంటింట్లోంచి బుసబుసమని చప్పుడు. వెళ్లి చూద్దును కదా, గిన్నెలో కాస్టిక్ సోడా నీళ్లు నల్లగా పొంగుతున్నాయి. మావాడు పక్కనే గరిట పట్టుకుని, మొదటిసారి సముద్రం చూసినవాడిలా నిలబడి ఉన్నాడు.

“అల్యూమినియంలో కాస్టిక్కా! గరిట వదిలెయ్! బయటికి నడువు!”

వీధి చివరిదాకా వినిపించే ఉంటుంది. జన్మంతా బడిలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి ఇంట్లో, ఆ మనిషి కొడుకే, ఆ మనిషి గిన్నెలోనే ఈ పని చేశాడంటే ఇంక నేను అరగదీసిన సుద్దముక్కలన్నీ ఏ గంగలో కలిసినట్టు?

కిటికీలు తెరిచి, పొగ పోయాక, ఏమిటీ నిర్వాకం అని అడిగాను. సబ్బట. బట్టల సబ్బు. ఇంట్లోనే చేసుకుంటే నెలనెలా బోలెడు మిగులుతుందట. క్యాంటీన్‌వాళ్లు పారబోసే నూనె ఊరికే ఇస్తారట. ఇంక కావలసింది కాస్టిక్ సోడా, కాసిని నీళ్లు, కాస్త ఓపిక. ఫోనులో ఎవరో అంతా వివరంగా చూపించారట. గిన్నె స్టీలుదై ఉండాలన్న ఒక్క ముక్కా ఆ మహానుభావులు మింగేసినట్టున్నారు.

మిగలడం సంగతి దేవుడెరుగు, ముందు గిన్నె పోయింది.

చాలా అందామనుకున్నాను. వాడేమో అంత పొడుగ్గా మాట్లాడాడు. పంపుల ఫ్యాక్టరీ మూసేశాక వాడి నోట్లోంచి ఇన్ని వాక్యాలు వరసగా రావడం ఇదే. కానీ పన్ను సలుపుతుంటే ఊరుకున్నాను.

4వ తేదీ, బుధవారం

ఇవాళ స్టీలు గిన్నె. అది కోడలిది, కనుక కోడలి సహనానికి పరీక్ష.

ఆవిడ పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తుంది. తెల్లకోటు వేసుకుని, కుర్చీలో నోరు తెరిచిన జనానికి ధైర్యం చెప్పడం ఉద్యోగం. ఇంటికొచ్చి గిన్నె చూసి, ధైర్యం చెప్పేవాళ్లు లేక, స్టూలు మీద కూలబడింది.

“ఏమండీ, ఇందులో రేపు పాలు కాచాలండీ.”

“కడిగేస్తాగా. సబ్బే కదా, దానంతట అదే శుభ్రమైపోతుంది.”

ఆవిడ నా వైపు చూసింది. నేను పేపరు వైపు చూశాను.

మనవరాలు బడి నుంచి వచ్చి, గుమ్మంలోనే ముక్కు పట్టుకుని తీర్పు చెప్పింది. “నాన్నా, మన ఇల్లు బస్టాండు క్యాంటీన్ వెనకవైపులా ఉంది.” మాటలు వచ్చిన దగ్గర్నుంచీ తీర్పులే. అందుకే దాన్ని జడ్జిగారంటాం. ఎవరి పోలికో అని అందరూ నా ముందే అంటుంటారు. నాకైతే తెలియదు.

5వ తేదీ, గురువారం

ఇంకా కమురు వాసన. తలగడలో కూడా.

6వ తేదీ, శుక్రవారం

మొదటి ఉతుకు.

ఉడికించిన సబ్బు కోరి, నీళ్లలో కరిగించి, బక్కెట్టులో వేసి చేత్తో తిప్పాడు. ఒక్క బుడగ వస్తే ఒట్టు. విరిగిన పాలలా తెల్లటి తరకలు పైకి తేలాయి.

తేలక ఏం చేస్తాయి? ఈ ఇంటి బోరునీళ్లలో ఎంత సున్నం ఉందో కుళాయికి పట్టిన పొలుసు చూస్తే తెలుస్తుంది. సబ్బు నీళ్లలోకి దిగగానే మురికిని వదిలేసి ఆ సున్నంతో చెయ్యి కలుపుతుంది. కఠినజలం పాఠం. కొట్లో కొనే పొడికి ఆ రోగం లేదు, సబ్బుకుంది. ఉతికే సోడా కలిపితే కొంత నయం కానీ, ఈ నీళ్లకు చాలేటంత కలిపితే బట్టతోపాటు చేతి తోలు కూడా పోతుంది. ఈ పాఠం నేను ఎంతమంది పిల్లలకు చెప్పానో. వెనక బల్ల మీద నిద్రపోయేవాళ్లకు కూడా లేపి చెప్పాను.

సాయంత్రానికి తువ్వాలు ఆరి అట్టముక్కయింది. గోడకు చేరేస్తే కూలబడకుండా నిలబడింది. దాన్ని రెండు చేతులా పట్టుకుని, బహుమతి తెచ్చిన పిల్లాడిలా నా దగ్గరికి వచ్చాడు.

“ఎలా ఉందమ్మా?”

ఎన్నాళ్లకో గడ్డం గీసుకున్నాడు ఇవాళ.

“బాగుంది” అన్నాను.

పన్ను సలుపు మరీ ఎక్కువగా ఉంది. నొప్పిలో ఉన్న మనిషి ఏమంటుందో ఆ మనిషికే తెలియదు.

7వ తేదీ, శనివారం

బాగుంది అన్నందుకు శిక్ష మొదలైంది. ఊరికే బాగుంటే చాలదట, ఎంత బాగుందో తేల్చాలట.

వాడు పంపుల ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్టరు. తయారైన ప్రతి పంపునూ తట్టి, తిప్పి, నీళ్లు పట్టి, పనికొస్తుందో రాదో చెప్పేవాడు. పనికిరాని దాని మీద ఎర్రసుద్దతో అడ్డంగా గీత గీస్తే యజమాని వచ్చి బతిమాలినా చెరిపేవాడు కాదని పేరు. ఇప్పుడు ఆ విద్య మా డాబా మీదికి ఎక్కింది. పాత తెల్లదుప్పటి చింపి ముక్కలు చేశాడు. ఒకదాని మీద టీ ఒలకబోశాడు, ఒకదాని మీద సిరా, ఒకదాని మీద నూనె, ఒకదాని మీద బురద. మూలకు దారంతో అంకె కుట్టాడు. కుట్టుపని ఎప్పుడు నేర్చుకున్నాడో. పొద్దున్న ఉతికి తీగ మీద ఆరెయ్యడం, సాయంత్రం ఒకే కిటికీ దగ్గర, ఒకే వెలుతురులో పరీక్షించడం.

మమ్మల్ని ముగ్గుర్నీ నిలబెట్టి చెప్పాడు. “ఒక్కటే రూలు. శాంపిల్ మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. దులపడానికి కూడా. శాంపిల్ మీద చెయ్యి పడితే ఇంక ఆ పరీక్ష ఉన్నా లేనట్టే.”

“ముట్టుకుంటే ఏమవుతుంది?” అంది జడ్జిగారు.

“ముట్టుకున్నవాడు నాకు అబద్ధం చెప్పినట్టు.”

సరే అన్నాం. ముగ్గురమూ.

8వ తేదీ, ఆదివారం

ముక్కలు నాలుగూ బూడిదరంగు. సిరా మరక ఇంకా గట్టిపడింది. వాడు కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత వెళ్లి ముందుగదిలో, మళ్లీ ఆ కుర్చీలో, ఆ మూల.

ఆ కుర్చీ వెనక గోడ మీద ఒక జిడ్డు మరక ఉంది. ఫ్యాక్టరీ మూశాక వాడి తల ఆనీ ఆనీ పడినది. ఈ ఇంట్లో నేను తుడవని మరక అదొక్కటే. తుడిస్తే చూసినట్టు తెలుస్తుంది.

9వ తేదీ, సోమవారం

కొట్టుకు వెళ్లాను. నాకు నడక మంచిదని డాక్టరు చెప్పాడు. ఎలాగూ వెళ్లాను కదా అని బట్టల పొడి ఒక పొట్లం కొన్నాను. దాన్ని పాత పిండిడబ్బాలో పోశాను, పొట్లం చిరిగిపోతుందేమోనని.

మధ్యాహ్నం వాడు నూనె కోసం క్యాంటీన్‌కి వెళ్లాడు. డాబా మీద గాలి బాగుంటుందని వెళ్లాను. ఎలాగూ వెళ్లాను కదా అని సిరా ముక్క, బురద ముక్క కాస్త జాడించాను.

రెండోసారి ఉతకడం నేరమని ఏ పుస్తకంలోనూ లేదు.

10వ తేదీ, మంగళవారం

ఈల వేస్తున్నాడు. శ్రుతి లేదు, లయ లేదు. వినలేక చచ్చాను. ఆపమని మాత్రం ఎవరూ అనలేదు.

12వ తేదీ, గురువారం

నాకేదో అవుతోంది. లేదా రసాయనశాస్త్రానికి అవుతోంది.

టీ మరక ముక్కను నేను ముట్టుకోలేదు. ప్రమాణపూర్వకంగా ముట్టుకోలేదు. నిన్న మోకాలు పట్టేసి అసలు డాబానే ఎక్కలేదు. అయినా అది పాలలా తెల్లగా మెరుస్తోంది. నూనె ముక్కకు కమురు వాసన కూడా లేదు, పైగా ఏదో పూల వాసన. అదే సబ్బుతో ఉతుకుతున్న కోడలి కోటు చూస్తే కళ్లు జిగేలుమంటున్నాయి. కఠినజలం ఇన్నాళ్లూ నాకు అబద్ధం చెప్పిందా? పుస్తకం తీసి ఆ పాఠం మళ్లీ చదివాను. పాఠం ఎక్కడిదక్కడే ఉంది.

వాడు మాత్రం అన్నం తింటూ ఒక్కటే మాట. “నేను చెప్పలేదూ? పాళ్లు కుదిరాయి. సబ్బంటే పాళ్లే.”

కోడలు కంచంలోకి చూస్తూ తింది. జడ్జిగారు ఇవాళ ఏ తీర్పూ చెప్పలేదు. ఒంట్లో బాగాలేదేమో.

13వ తేదీ, శుక్రవారం

పాత మేనేజరు ఫోను చేశాడు. ఊరవతల సీసా మూతలు చేసే ఫ్యాక్టరీలో చేరాడట. అక్కడ ఇన్‌స్పెక్టరు కావాలట, నీ అంత కచ్చితమైనవాడు నాకు దొరకలేదయ్యా, వచ్చే శనివారంలోపు ఏదో ఒకటి చెప్పు అన్నాడట. జీతం పాతదానికంటే తక్కువే. కానీ జీతం.

కోడలి ముఖం చూడాలి. తువ్వాలుతో చెయ్యి తుడుచుకోవడం మరిచిపోయి అలాగే నిలబడింది.

“మూతలా?” అన్నాడు వాడు. “పంపులు చూసిన చేత్తో మూతలు చూడనా? సొంత సరుకు తయారవుతుంటే?”

నాలుక చివరిదాకా వచ్చింది. పన్ను నొప్పి.

14వ తేదీ, శనివారం

ఇది వివరంగా రాసుకోవాలి. లేకపోతే రేపు నాకే నమ్మబుద్ధి కాదు.

మధ్యాహ్నం వాడు నూనెకు వెళ్లగానే డబ్బా తువ్వాలు కింద పెట్టుకుని పిల్లి అడుగులు వేసుకుంటూ డాబా ఎక్కాను. పైన జడ్జిగారు. చేతిలో కత్తెర, ఒళ్లో కొత్త తలగడ గలీబు, పక్కన సూదీ దారమూ. గలీబులోంచి ముక్క కత్తిరించి, మూలకు అంకె కుడుతోంది. టీ ముక్క రహస్యం వీడిపోయింది. అది ఉతకడం కూడా కాదు, ఏకంగా మనిషినే మార్చెయ్యడం.

“ఏం చేస్తున్నావే?”

“హోమ్‌వర్కు.”

అప్పుడే మెట్ల మీద చప్పుడు. వాడేమోనని ఇద్దరం నీళ్లతొట్టి వెనక్కి దూరాం. నా వయసులో తొట్టి వెనక దూరడం ఏమిటో, మోకాలు ఇంకా నన్ను తిడుతోంది. వచ్చింది కోడలు. క్లినిక్‌లో భోజనం వేళ, కోటు కింద ఏదో ఎత్తుగా పట్టుకుని.

“మీరేంటత్తయ్యా ఇక్కడ?”

“గాలికి వచ్చాను. నీ కోటు కింద అదేమిటి?”

“ఇదా... ఇది క్లినిక్‌ది.”

“బట్టల పొడితో పళ్లు తోముతున్నారా మీ క్లినిక్‌లో?”

“నాన్నమ్మా,” అంది జడ్జిగారు, “నీ తువ్వాల్లోంచి కారుతోంది.”

చూసుకుంటే మెట్ల దగ్గర్నుంచీ తొట్టి దాకా తెల్లటి గీత. దొంగతనం కూడా చేతకాదు నాకు.

ముగ్గురం గచ్చు మీద కూర్చున్నాం. లెక్క తీస్తే, సిరా ముక్కను పొద్దున్న వాడు, భోజనం వేళ కోడలు, ఆ తర్వాత నేను ఉతికాం. ఒక్కొక్కరం మనమొక్కరమే అనుకుని. ఆ ముక్క ఇంకా పోగులు ఊడకుండా ఉండటమే గొప్ప.

“మొదటి రోజే చెప్పాల్సింది కదత్తయ్యా,” అంది కోడలు. “మీకు తెలియకనా? నేను వండిన ప్రతిదానికీ ముద్ద నోట్లోకి వెళ్లకముందే వంక పెడతారు కదా. దీనికేమైంది?”

“పన్ను నొప్పి. నోరు తెరవలేకపోయాను.”



“ఏ పన్నత్తయ్యా? రెండు వరసలూ మా క్లినిక్‌లో కట్టించినవే కదా.”

“చిగుళ్లు” అన్నాను.

జడ్జిగారు మోకాళ్లలో తల పెట్టుకుని ఊగిపోతూ నవ్వింది. తర్వాత ఎప్పుడో కోడలు కూడా. నేను నవ్వలేదు. డబ్బా మూత సరిగ్గా పెట్టుకున్నాను.

15వ తేదీ, ఆదివారం

ఆ నవ్వు ఒక్కరోజు కూడా నిలవలేదు.

మావాడు బస్టాండు దగ్గర లాడ్జి యజమానిని వెంటబెట్టుకొచ్చాడు. మనిషి మెత్తగానే ఉన్నాడు. తీగ మీద ముక్కలన్నీ వేళ్లతో నలిపి, వాసన చూసి, ఎండకు పెట్టి చూశాడు.

“ఇది ఈ నీళ్లతోనే ఉతికారా?”

“ఈ బోరుతోనే. మా దగ్గర ఏదీ దాపరికం లేదండీ.”

చేతికేదో పని ఉండాలని కుండీలకు నీళ్లు పోస్తున్నాను. ఒకే కుండీకి పోస్తూ ఉన్నానని తర్వాత చూసుకున్నాను.

లాడ్జి దుప్పట్లు, తువ్వాళ్లు, గలీబులు, అన్నింటికీ ఇంక మావాడి సబ్బేనట. వచ్చే శనివారం నూనె డ్రమ్ములు, కాస్టిక్ బస్తాలు దిగుతాయి. వాటికి పంపుల ఫ్యాక్టరీవాళ్లు చివర్లో చేతిలో పెట్టిన సొమ్మంతా పోస్తాడు. జడ్జిగారి చదువూ, మా అద్దే, రేపటి తిండీ అన్నీ అందులోనే ఉన్నాయి. అదే శనివారం మేనేజరుకు రానని చెప్పేస్తాడు.

లాడ్జిలో వందమంది పడుకునే దుప్పట్లను మేం ముగ్గురం డాబా మీద రెండోసారి ఉతకగలమా?

16వ తేదీ, సోమవారం

ఎవరు చెప్పాలి అన్నదాని మీద వంటింట్లో గుసగుసల పంచాయితీ.

కోడలు: “మీరే చెప్పాలత్తయ్యా. మీ నోటికి అలవాటు. మీరో మాటంటే ఆయనకు పట్టదు, నేనో మాటంటే గుచ్చుకుంటుంది.”

నేను: “నువ్వు భార్యవి.”

కోడలు: “ఆయన మళ్లీ ఆ కుర్చీలో కూర్చుంటే రోజంతా ఇంట్లో చూసేది మీరు. నేను సాయంత్రం వచ్చి చూస్తాను. ఆ కాస్తే నేను తట్టుకోలేను.”

జడ్జిగారు: “ముగ్గురూ భయపడుతున్నారు. అంతే.”

ముగ్గురిలో తనూ ఉందన్నది ఆ తీర్పులో మంచి సంగతి.

17వ తేదీ, మంగళవారం

చెప్పబోయాను. వాడు ఈల వేస్తున్నాడు.

18వ తేదీ, బుధవారం

చెప్పబోయాను. లాడ్జి కోసం పెద్ద గరిట చేయించుకొచ్చాడు, నా భుజమంత ఎత్తు. “ఇదిగో అమ్మా, దీనికి నీ గిన్నె చాలదులే” అని నవ్వాడు. ఒళ్లు మండింది. చచ్చిన గిన్నె మీద హాస్యం ఏమిటి?

అయినా చెప్పలేదు.

19వ తేదీ, గురువారం

మొత్తం బడి ముందు నిలబడి ఎవర్ని పడితే వాళ్లను కడిగేసిన దాన్ని. హెడ్మాస్టరును కూడా వదల్లేదు. ఇప్పుడు ఒక్కడి ముందు నీళ్లు నములుతున్నాను. రేపు.

20వ తేదీ, శుక్రవారం

చెప్పాను.

నేను ఎంచుకున్న వేళ కాదు. వాడే తెచ్చిపెట్టాడు. పొద్దున్న నా పక్కన కూర్చుని, చాలా మర్యాదగా, “అమ్మా, రేపు లాడ్జి ఆయన వస్తాడు. నువ్వు కెమిస్ట్రీ టీచరువని చెప్పాను. ఈ సబ్బు మంచిదని ఆయనతో నువ్వొక్క మాట అంటే చాలు. నీ మాటంటే ఎవరికైనా గురి కుదురుతుంది” అన్నాడు.

ఇంట్లో కొడుకుతో బాగుంది అనడం వేరు. ఊళ్లోవాడికి టీచరుగా నిలబడి చెప్పడం వేరు. ఇన్నేళ్లలో తప్పు పాఠం ఒక్కటీ చెప్పలేదు నేను.

“అనను” అన్నాను.

“ఏం?”

“నీ సబ్బు ఈ నీళ్లలో పనిచెయ్యదు. మొదటి నుంచీ పనిచెయ్యలేదు. ఆ ముక్కలు నేను కొట్లో పొడితో ఉతికాను.”

అరుస్తాడనుకోలేదు. కుప్పకూలతాడనుకున్నాను, దానికే సిద్ధపడి కుర్చీ అంచు పట్టుకుని కూర్చున్నాను. వాడు లేచి నిలబడ్డాడు.

“శాంపిల్ మీద చెయ్యి వేశావా?”

“వేశాను.”

“శాంపిల్ మీద! రూలు చెప్పానా లేదా? ఏ ముక్క? ఏ రోజు? ఎన్నింటికి?”

“మధ్యాహ్నాలు. సిరా, బురద.”

“మరి టీ? మరి నూనె?”

నేను వంటింటి వైపు చూశాను. అది నా తప్పే. కోడలు వచ్చి నిలబడింది. బడికి తయారైన జడ్జిగారు సంచీతో సహా వచ్చి నిలబడింది. ముగ్గుర్నీ వరసగా నిలబెట్టి విచారణ చేశాడు. ఎవరు ఏ ముక్క, ఎప్పుడు, దేనితో. గొంతు గదంతా మోగింది. పక్కింటివాళ్ల కుక్క మొరిగింది. ఈ గొంతు విని ఎన్ని నెలలైందో. నేను విచారణలో ముద్దాయిని, కానీ చెవులొగ్గి వింటున్నాను.

“టీ ముక్క నేను మార్చేశాను నాన్నా. కొత్త గలీబులోంచి.”

వాడు ఆ ముక్క తెచ్చి కిటికీకి పెట్టి చూశాడు. “అందుకా దీని నేతలో గీతలున్నాయి! సబ్బు గొప్పతనానికి నేత కూడా బిగిసిందనుకున్నాను!” అన్నాడు. అని, తను అన్నది తనకే వినిపించినట్టు ఆగిపోయాడు. ఇన్‌స్పెక్టరు కదా. ఎవరు మోసం చేశారన్నది సరే, నేనెలా మోసపోయాను అన్నది అప్పుడు మొదలైనట్టుంది. ముక్క మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మిగతా ఇద్దరూ పనులకు వెళ్లాక నా ఎదురుగా కూర్చున్నాడు.

“నీకు మొదటి రోజే తెలుసా?”

“నీళ్లలో వెయ్యకముందే తెలుసు.”

“మరి చెప్పలేదే?”

“పన్ను నొప్పి.”

నన్నే చూశాడు. “అమ్మా, నోరు నొప్పి పుడితే నువ్వు ఎప్పుడు ఊరుకున్నావ్? ఆ రెండు వరసలూ కట్టిన రోజున, నోరంతా మొద్దుబారి ఉండగానే డాక్టర్ని తిట్టావు.”

ఇంక దాచడానికి ఏముంది? “గడ్డం గీసుకున్నావు ఆ రోజు” అన్నాను.

వాడి చెయ్యి గడ్డం మీదికి వెళ్లింది. తర్వాత లేచాడు. కుర్చీ వైపు వెళ్తాడేమోనని చూశాను. చెప్పుల చప్పుడు డాబా మెట్ల మీద వినిపించింది.

21వ తేదీ, శనివారం

తెల్లారేసరికి డాబా తలుపుకు తాళం. తాళంచెవి వాడి మెడలో. కొత్తగా ముక్కలు చింపి, మరకలు వేసి, ఉతికి, వాటి పక్కనే స్టూలు వేసుకుని ఆరేదాకా ఎండలో కూర్చున్నాడు. మంచినీళ్లు కూడా తలుపు సందులోంచి అందించాం.

మధ్యాహ్నం దిగొచ్చి ముక్కలు బల్ల మీద పరిచాడు. బూడిద, బూడిద, బూడిద, బూడిద. జేబులోంచి ఎర్రసుద్ద తీశాడు. అది ఇంకా దగ్గర పెట్టుకున్నాడని నాకు తెలియదు. సబ్బుపెట్టె మీద అడ్డంగా గీత గీశాడు.

ఒక్కమాట అననిస్తాడేమోనని నోరు తెరిచాను. “వద్దు. ఇది నేను తేల్చాను” అన్నాడు.

డ్రమ్ములవాడికి వద్దని ఫోను చేశాడు. ఆ ముక్కలు పట్టుకుని లాడ్జికి తనే వెళ్లాడు. ఆయన తిట్టలేదట. “మీవాళ్లు మంచివాళ్లండీ, కానీ వ్యాపారానికి పనికిరారు” అన్నాడట. ఆ రెండో ముక్క మీద నాకు అభ్యంతరం ఉంది.

వచ్చేదారిలో మేనేజరుకు ఫోను చేశాడట. సోమవారం నుంచి.

మాతో ఇంకా సరిగ్గా మాట్లాడడం లేదు. కోడలితో “ఉప్పు”, నాతో “తప్పుకో”. జడ్జిగారు ఏదో అడిగితే “నువ్వు సాక్ష్యం తారుమారు చేశావు” అన్నాడు. అది రోజంతా బిక్కముఖం వేసుకుని తిరిగి, సాయంత్రం తన గలీబుకు తనే అతుకు వేసుకుంది.

22వ తేదీ, ఆదివారం

మిగిలిన సబ్బుతో గచ్చు కడిగాను. వంటింటి పొయ్యి కింద మడ్డి కొంత వదిలింది. పూర్తిగా దండగ కాదు, అలాగని సబ్బూ కాదు. గోడ మీది ఆ మరకను దీనితో రుద్ది చూశాను. ఇంకా పెద్దదైంది. సున్నం వెయ్యాల్సిందే.

వాడు పక్కనుంచి వెళ్తూ చూసి, “అది నేను వేయిస్తాలే” అన్నాడు. నిన్న మధ్యాహ్నం తర్వాత నాతో అన్న మొదటి పూర్తి వాక్యం.

గిన్నె సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. మరిచిపోయానని కాదు.

23వ తేదీ, సోమవారం

మొదటి రోజు పని. కోడలు ఇస్త్రీ చొక్కా తీసి మంచం మీద పెడితే, అది పక్కన పెట్టి, తన సబ్బుతో ఉతికిన పాత తెల్లచొక్కా తొడుక్కుని వచ్చాడు.

“ఏమండీ, మొదటి రోజండీ!”

“ముక్కలకు చేశాం కానీ ఒంటి మీద పరీక్ష చెయ్యలేదు కదా. రోజంతా వేసుకుంటే ఎలా ఉంటుందో చూడాలి.”

తలకాయ బద్దలు కొట్టుకోవాలనిపించింది. ఎర్రగీత గీసిన సరుకుకు ఇంకా పరీక్షలు! వీడు మూతల మీద పడితే ఆ ఫ్యాక్టరీలో ఒక్క సీసా అయినా బయటికి వస్తుందా అని నా అనుమానం.

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని, నా వైపు తిరిగి నిటారుగా నిలబడ్డాడు.

“ఎలా ఉందమ్మా?”

కోడలు నన్నే చూస్తోంది. జడ్జిగారు నన్నే చూస్తోంది. వాడు అసలు రెప్ప వెయ్యలేదు.

“గచ్చు తుడిచిన గుడ్డలా ఉంది” అన్నాను. “కాలరు చూస్తే ఎవరో తన్ని తరిమినట్టుంది. నువ్వు ఎదురుగా వస్తుంటే జనం క్యాంటీన్ తెరిచారనుకుని ప్లేటు పట్టుకుని లేస్తారు.”

జేబులోంచి ఎర్రసుద్ద తీసి, వేళ్ల మధ్య ఒకసారి తిప్పి, మళ్లీ జేబులో వేసుకున్నాడు.

“ఆఁ,” అన్నాడు. “ఇదీ రిపోర్టంటే.”

చొక్కా మార్చుకోలేదు. వీధి మలుపు తిరిగేదాకా ఆ ఈల వినిపిస్తూనే ఉంది. శ్రుతి లేదు, లయ లేదు.

ఇప్పుడే పళ్లు తీసి కడిగి గ్లాసులో వేశాను. రెండు వరసలూ నిక్షేపంగా ఉన్నాయి.